వోస్తోక్-1 దిగేటప్పుడు అసలేం జరిగింది? "కేబుల్ ఇరుక్కుంది" అన్న మాట ఎంతవరకు నిజం?

నేలచూపు (శనివారం, ఉదయం 7:40)

మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్ళిన మనిషి గగారిన్ 1961 ఏప్రిల్ 12న వోస్తోక్-1లో పైకెళ్ళిన కథ అందరికీ కంఠతా వచ్చు. కిందికి దిగిన కథ దగ్గరికొచ్చేసరికే ఒక్కోచోట ఒక్కో మాట. ఎక్కువగా కనిపించేది ఇది: మనిషి కూర్చున్న గోళానికీ వెనకాల ఉన్న యంత్రభాగానికీ మధ్య కేబుల్ ఊడలేదు, రెండూ కలిసే గిరగిరా తిరుగుతూ గాలిలోకి దిగాయి, వేడికి కేబుల్ కాలాక గానీ విడిపోలేదు.

సందేహాలు మూడు. కేబులే అసలు కారణమా? తిరగడం మొదలైంది దేనివల్ల? అలా తిరుగుతూ దిగితే లోపలి మనిషి ఎలా బతికాడు? తెలిసినవాళ్ళు అంకెలతో సహా చెప్పండి. "రష్యా వాళ్ళ సరుకు అంతే" లాంటి మాటలు మాత్రం వద్దు, దండం పెడతా.

కక్ష్య_181 (శనివారం, ఉదయం 8:25)

ముందు బండి రూపం కళ్ళముందుంటే తక్కినదంతా తేలిక. మొత్తం బరువు 4,725 కిలోలు. ముందు భాగం 2.3 మీటర్ల వ్యాసమున్న గోళం, సుమారు 2.4 టన్నులు. మనిషి, సీటు, పారాచూట్లు అన్నీ అందులోనే. వెనక భాగం పరికరాల పెట్టె, దాదాపు 2.3 టన్నులు. బ్యాటరీలు, వేగం తగ్గించే ఇంజిన్ ఇందులో ఉంటాయి. రెండింటికీ మధ్య మెడ దగ్గర దండ వేసినట్టు 16 గుండ్రటి గ్యాస్ సీసాలు కనిపిస్తాయే, అవి ఆక్సిజన్, నైట్రోజన్ సీసాలు. గోళాన్ని వెనక భాగానికి బిగించి ఉంచేవి నాలుగు లోహపు పట్టీలు. ఒక పక్కనుంచి లావుపాటి కేబుళ్ళ కట్ట గోళంలోకి వెళ్తుంది. విడిపోవాలంటే పట్టీలు ఊడాలి, ఆ కట్ట కూడా ఊడాలి.

ఇక మాస్కో సమయం ప్రకారం ఆ రోజు: 9:07కి లేచింది. 9:18 ప్రాంతంలో కక్ష్యలో పడింది, 181 × 327 కిలోమీటర్లు. 9:51కి దిశ సరిచూసుకునే వ్యవస్థ పనిలోకి దిగింది. 10:25కి ఆఫ్రికా పడమటి తీరం దగ్గర బ్రేకు ఇంజిన్ వెలిగింది. అక్కడినుంచి దిగాల్సిన చోటుకి దాదాపు 8,000 కిలోమీటర్లు. ఇంజిన్ ఆగిన కొద్ది సెకన్లకే రెండు భాగాలూ విడిపోవాలి. విడిపోయింది 10:35కి. ఆ పది నిమిషాల గురించే మీరు అడుగుతున్నారు.

వాల్వుపిన్ను (శనివారం, ఉదయం 9:10)

కేబుల్ కథ కంటే ముందు ఇంజిన్ కథ చెప్పాలి, తప్పు మొదలైంది అక్కడే.

ఇంజిన్ ఇసాయెవ్ బృందం చేసింది, పేరు టీడీయూ-1. నెట్టే బలం 1.6 టన్నులు. నైట్రిక్ ఆమ్లం జాతి ఆక్సీకారకం, అమైన్ జాతి ఇంధనం. రెండూ కలిస్తే చాలు, వెలిగించే పనిలేకుండా మండుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. భారరహిత స్థితిలో ట్యాంకులోని ద్రవం అడుగున నిలబడదు, ముద్దలు ముద్దలుగా తేలుతుంది. పైపు నోటి దగ్గర ద్రవం ఉంటుందో గ్యాస్ ఉంటుందో చెప్పలేం. అందుకని ఇంధనాన్ని సంచిలో పెట్టి, గ్యాస్ ఒత్తిడితో నొక్కి పంపుతారు.

ఆ రోజు ఇంధనం దారిలో ఒక వాల్వు పూర్తిగా మూసుకోలేదు. మండే గదికి వెళ్ళాల్సిన ఇంధనంలో కొంత పక్కదారి పట్టి వెనక్కి ట్యాంకు వైపే పోయింది. దాంతో ఇంజిన్ సుమారు ఒక సెకను ముందే ఎండిపోయి ఆగింది.

"ఒక్క సెకనేగా" అనిపిస్తుంది. కానీ ఇంజిన్ని ఆపే పద్ధతి చూడండి. అనుకున్నంత వేగం తగ్గిందని కొలిచే పరికరం చెప్పగానే "ఇంజిన్ ఆపు" అన్న ఆదేశం వెళ్తుంది. ఆ ఆదేశంతోనే వాల్వులు మూసుకుంటాయి, విడిపోయే వరస కూడా కదులుతుంది. ఇక్కడ వేగం పూర్తిగా తగ్గలేదు కాబట్టి ఆ ఆదేశమే రాలేదు. మంట ఆరిపోయింది గానీ వాల్వులు తెరిచే ఉన్నాయి. ట్యాంకుల్ని నొక్కిపెట్టే గ్యాస్ ఆ తెరిచిన దారుల్లోంచి, దిశ మార్చే చిన్న నాజిల్స్‌లోంచి బుస్సున బయటికి తన్నింది. బండి బొంగరమైంది. టైమర్ వచ్చి అన్నిటినీ ఆపేసరికి జరగాల్సింది జరిగిపోయింది. తిరుగుడు సెకనుకు 30 డిగ్రీలకంటే తక్కువ ఉండదని గగారిన్ తన నివేదికలో చెప్పాడు. అంటే 12 సెకన్లకో చుట్టు.

నేలచూపు గారి రెండో ప్రశ్నకి జవాబు ఇదే. తిప్పింది కేబుల్ కాదు, మూసుకోని వాల్వులు.

నేలచూపు (శనివారం, ఉదయం 9:32)

అద్భుతంగా చెప్పారండీ. అయితే విడిపోకపోవడం కూడా ఆ ఆదేశం రాకపోవడం వల్లేనా? మరి కేబుల్ మాట ఎక్కడినుంచి పుట్టింది?

వాల్వుపిన్ను (శనివారం, ఉదయం 9:58)

అవును, అసలు వరస ఆగిపోయింది. పట్టీలు పేలి కేబుల్ మాత్రం పట్టుకుని వేలాడింది అనేకంటే, విడిపొమ్మన్న మాటే సమయానికి అందలేదు అనడం దగ్గరగా ఉంటుంది. ఇలాంటప్పటికోసం పక్కవాటుగా ఉష్ణ సెన్సర్లు పెట్టారు. వాతావరణం అంచు తగిలి వేడెక్కగానే అవి తమంతట తామే "విడిపో" అంటాయి. పది నిమిషాల తర్వాత పని చేసింది అవేనన్నది పత్రాలు బయటపడ్డాక ఇంజినీర్ల విశ్లేషణ తేల్చిన సంగతి. కేబుల్ కాలి తెగిందన్నది అంతకుముందు నుంచీ చెలామణిలో ఉన్న కథ. వినడానికి బాగుంటుంది కాబట్టి పోలేదు.

ఇలాంటి కేబుల్ సంగతి 1965 మార్చిలో వోస్తోక్ తర్వాతి బండి వోస్ఖోద్-2 దిగినప్పుడు జరిగిందని అందులో వెళ్ళిన లియోనోవ్ చెప్పాడు. జనం రెండింటినీ కలిపేసి ఉండొచ్చు, అది నా ఊహ మాత్రమే.

లెక్కలమాస్టారు (శనివారం, ఉదయం 10:45)

ఆ ఒక్క సెకను విలువెంతో లెక్క కడదాం. కాగితం, కలం చాలు.

ఇంజిన్ బలం 15,830 న్యూటన్లు. మండేటప్పుడు బండి సగటు బరువు 4,600 కిలోలు అనుకోండి. భాగిస్తే సెకనుకు 3.4 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుంది. కాబట్టి సెకను ముందే ఆగితే లోటు కూడా సెకనుకు 3.4 మీటర్లే.

ట్యాంకుల్లో మొత్తం 275 కిలోలు ఉంటుంది. నాజిల్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వేగం సెకనుకు 2,610 మీటర్లు. త్సియోల్కోవ్‌స్కీ 1903లో అచ్చువేసిన రాకెట్ సూత్రంలోనే పెట్టండి: 2,610ని 4,725/4,450 కి సహజ సంవర్గమానంతో గుణిస్తే సుమారు 156. చుక్క మిగలకుండా కాల్చినా తగ్గేది సెకనుకు 156 మీటర్లే. బండి పోతున్నది సెకనుకు 7,800 మీటర్ల వేగంతో. అంటే బ్రేకు ఇంజిన్ చేసేది రెండు శాతం పని. మిగిలిన 98 శాతం గాలి చేయాలి. ఇంజిన్ ఆపదు, కక్ష్యని వంచి గాలికి అప్పజెబుతుంది, అంతే.

ఇంకో ఉజ్జాయింపు లెక్క: ఈ ఎత్తుల్లో సెకనుకు 1 మీటరు వేగం తగ్గిస్తే భూమికి అవతలి వైపున దారి 3.4 కిలోమీటర్లు కిందికి దిగుతుంది. లోటు 3.4 మీటర్లయితే దారి సుమారు 11, 12 కిలోమీటర్లు పైనే ఉండిపోతుంది. కోణం పలచబడి, గాలిలో దూరం పెరిగి, అనుకున్న చోటు దాటి ముందుకు పోతుంది. గగారిన్ స్మెలోవ్‌కా అనే ఊరి దగ్గర, వోల్గా ఒడ్డున ఎంగెల్స్ పట్టణానికి నైరుతిగా పొలాల్లో దిగాడు. సహాయక బృందాలు ప్రధానంగా కాచుకున్నది ఇంకా దక్షిణాన. దారి నైరుతి నుంచి ఈశాన్యానికి కాబట్టి, దాటిపోవడం లెక్కకి సరిపోతోంది.

ఓరుగల్లు_రాకెట్ (శనివారం, ఉదయం 11:20)

మాస్టారూ, లెక్క మస్తుగ సమజైంది. కానీ ఒక డౌటు. ఒక్కటే ఇంజిన్ పెట్టి మనిషిని ఎట్ల పంపిండ్రు? అది అసలే వెలగకపోతే ఏంది కథ? మన గగన్‌యాన్‌ల గిట్ల ఒక్కటేనా?

కక్ష్య_181 (శనివారం, మధ్యాహ్నం 12:05)

తమ్ముడూ, ఆ డౌటు బండి ప్రధాన రూపకర్త కొరొలియోవ్ బృందానికీ వచ్చింది. రెండో ఇంజిన్‌కి బరువు మిగల్లేదు. అందుకని ఇంజిన్‌కి బదులు గాలినే స్పేరుగా పెట్టుకున్నారు. కక్ష్యని కావాలనే కిందగా ఎంచుకున్నారు. బ్రేకు పడకపోయినా, పలచటి గాలి రాపిడికి ఎత్తు తగ్గుతూ 10 రోజుల్లోపు దానంతటదే రాలిపోవాలి. తిండి, నీళ్ళు, గాలి కూడా 10 రోజులకి సరిపడా పెట్టారు. ఎక్కడ రాలుతుందో చెప్పలేం, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఏర్పాటు ఆ రోజు చెల్లలేదు. పైకెళ్ళేటప్పుడు మధ్య దశ ఇంజిన్ని రేడియో ఆదేశంతో ఆపాలి, అది పని చేయలేదు. పక్కవాటు వ్యవస్థ కాస్త ఆలస్యంగా ఆపింది. ఆ కాస్తకే కక్ష్య గరిష్ఠ ఎత్తు అనుకున్నదానికంటే దాదాపు 100 కిలోమీటర్లు పెరిగి 327కి చేరింది. ఆ కక్ష్య 10 రోజుల్లో రాలేది కాదు, దాదాపు రెట్టింపు రోజులు పట్టేది. అంటే 10:25కి ఆ ఇంజిన్ వెలగకపోతే లోపలున్న సరుకు ముందు అయిపోయేది.

గగన్‌యాన్ సంగతి వేరు. సర్వీస్ మాడ్యూల్‌లో 440 న్యూటన్ల ఇంజిన్లు 5, దిశ దిద్దేందుకు 100 న్యూటన్లవి 16. ఒకటి రెండు మొరాయించినా తక్కినవాటిని ఇంకొంత సేపు మండించుకోవచ్చు. ఐదూ కలిపినా 2,200 న్యూటన్లే, వోస్తోక్ బ్రేకు ఇంజిన్‌లో ఏడో వంతు. మరేం ఫర్వాలేదు, కక్ష్యలో తొందరేముంది.

బందరు_బాబాయ్ (శనివారం, మధ్యాహ్నం 1:30)

అంటే ఆ రోజు ఎక్కువ ఎత్తుకి పంపింది ఒక లోపం, సరిగ్గా ఆపకుండా దింపింది ఇంకో లోపం. అయినా మనిషి పొలంలో నిలబడ్డాడు. తిరుగుతూ దిగినా ఎలా బతికాడన్న మూడో ప్రశ్న మీద ఎవరూ చెయ్యి వేయలేదేం?

సున్నా_జీ (శనివారం, మధ్యాహ్నం 2:15)

వేస్తున్నా బాబాయ్. జవాబు ఒక్క మాటలో: గోళం.

శంకువు ఆకారపు బండికి ఒక పక్కనే మందపాటి ఉష్ణకవచం ఉంటుంది. ఆ పక్కే గాలికి ఎదురుండాలి. తలకిందులైతే పలచటి పక్క కాలుతుంది. వోస్తోక్ గోళానికి చుట్టూతా కవచమే. ఏ పక్కనుంచి వేడి తగిలినా ఒకటే. పైగా బరువు కేంద్రాన్ని నడిమధ్యలో కాకుండా ఒక పక్కకి జరిపారు. అడుగున ఇసుక పోసిన లక్కపిడతని నీళ్ళలో వేస్తే బరువు పక్క కిందికి ఎలా తిరుగుతుందో, అలా గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ గోళం తనే సర్దుకుంటుంది. కంప్యూటర్ లేదు, జెట్లు లేవు. వెనక భాగం విడిపోయాక గగారిన్ గోళం కూడా అటూఇటూ ఊగి ఊగి సర్దుకుంది.

ఖర్చు లేకపోలేదు. గోళానికి గాలిలో తేలే గుణం ఉండదు, రాయిలా వచ్చి పడుతుంది. బరువు 8 రెట్లకు పైగా పెరుగుతుంది. తనకి ఒక దశలో 10 రెట్లు దాటిందనీ, రెండు మూడు సెకన్లు మీటర్ల మీద అంకెలు మసకబారాయనీ గగారిన్ నివేదికలో ఉంది.

గోళానికి కాకుండా వేరే ఆకారానికి ఇదే జరిగితే ఎలా ఉంటుందో 1969 జనవరి 18న సొయూజ్-5లో బోరిస్ వొలీనోవ్ చూశాడు. వెనక భాగం ఊడక, ముందుభాగం ఎదురుగా పెట్టుకుని గాలిలోకి దిగాడు. అటుపక్క కవచం పలచన, తలుపు కూడా అటే. చివరికి అతుకులు వేడికి తెగి, బండి సరైన వైపు తిరిగింది గనక బతికాడు. నేలకి తాకిన దెబ్బకి పళ్ళు విరిగాయి. 2008లో సొయూజ్ టీఎంఏ-11లోనూ విడిపోవడం దగ్గరే తేడా వచ్చింది. విడగొట్టడం చూడ్డానికి చిన్న పనే, దాదాపు అర్ధశతాబ్దం ఏడిపించింది.

విమానాశ్రయం_పక్కిల్లు (శనివారం, సాయంత్రం 4:00)

ఇంత లోపాల బండి కంటే అమెరికా వాళ్ళ మెర్క్యురీయే మేలు కదా? వాళ్ళదే సురక్షితం. పైగా రష్యా వాళ్ళకి సముద్రంలో దింపే సాంకేతికత లేకే నేల మీద దింపారు.

సున్నా_జీ (శనివారం, సాయంత్రం 4:35)

సముద్రంలో దించడం తేలిక, నేల మీద దించడమే కష్టం. నీళ్ళు దెబ్బని కొంత మింగుతాయి. రష్యా వాళ్ళకి చుట్టూ ఉన్నది నేల, సముద్రాల మీద వెతికి తేవడానికి అమెరికాకున్నంత నౌకాదళం లేదు. ఎవరి ఇంటి వాకిలి బట్టి వాళ్ళ దిగుడు.

మెర్క్యురీ బరువు కక్ష్యలో 1.35 టన్నుల చిల్లర. అట్లాస్ రాకెట్ ఎత్తగలిగింది అంతే. సోవియట్ అణుబాంబు బరువెక్కువ కాబట్టి దాన్ని మోయడానికి ఆర్-7 క్షిపణిని పెద్దది చేశారు, ఆ పుణ్యానే వోస్తోక్‌కి 4.7 టన్నులు దక్కాయి. తక్కువ బరువులోనూ మెర్క్యురీ వాళ్ళు బ్రేకు విషయంలో జాగ్రత్తపడ్డారు, నిజమే. మూడు ఘన ఇంధన రాకెట్లు పెట్టారు, ఒకటి వెలగకపోయినా తక్కిన రెండూ దించుతాయి.

అయితే వాళ్ళకీ తలనొప్పి తప్పలేదు. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ మూడు చుట్లు తిరుగుతుండగా కింద ఒక మీటరు "ఉష్ణకవచం వదులైంది" అని చూపించింది. బ్రేకు రాకెట్ల కట్టని పట్టీలతో కవచం మీదుగానే బిగిస్తారు. మామూలుగా వాడాక వదిలేస్తారు. పట్టీలు కవచాన్ని పట్టి ఉంచుతాయన్న ఆశతో దాన్ని వదలకుండానే దింపారు. గ్లెన్ కిటికీలోంచి మండిపోతున్న ముక్కలు ఎగిరిపోవడం చూశాడు, అవి కట్టవో కవచానివో తెలియదు. చివరికి తేలిందేమిటంటే కవచం భేషుగ్గా ఉంది, చెడింది స్విచ్చు. ఒకరికి నిజమైన లోపం ఉండీ కింద చాలామందికి తెలియలేదు, ఇంకొకరికి లేని లోపానికి ప్రపంచమంతా ఊపిరి బిగబట్టింది.

లెక్కలమాస్టారు (శనివారం, సాయంత్రం 5:20)

సురక్షితం అన్న మాట వచ్చింది కాబట్టి గగారిన్‌కి ముందు మనుషుల్లేకుండా జరిగిన ప్రయోగాల చిట్టా విప్పుతాను.

1960 మే 15: మొదటి నమూనా, దానికి ఉష్ణకవచమే లేదు. దిశ పరికరం తప్పడంతో బ్రేకు తిరగబడి వేగం తగ్గే బదులు పెరిగింది, బండి ఇంకా పై కక్ష్యకి పోయింది. 1962లో దాని ముక్క ఒకటి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు మానిటొవాక్ ఊరి వీధిలో పడింది. 1960 జూలై 28: రాకెట్ ఎగిరిన కాసేపటికే పేలింది, రెండు కుక్కలు పోయాయి. ఆగస్టు 19: బెల్కా, స్త్రెల్కా మర్నాడు క్షేమంగా దిగాయి. డిసెంబర్ 1: బ్రేకు చాలక పరాయి దేశంలో పడేలా ఉందని, లోపల కుక్కలుండగానే బండి తనను తాను పేల్చేసుకుంది. డిసెంబర్ 22: పై దశ ఇంజిన్ ఆగి, గోళం సైబీరియా మంచులో పడింది. కుక్కలు బతికాయి. 1961 మార్చి 9, మార్చి 25: రెండూ జయప్రదం, లోపల కుక్కతో పాటు మనిషి బొమ్మ.

ఏడింటిలో పూర్తిగా నెగ్గినవి మూడు. డిసెంబర్ 1 నాటి కష్టం కూడా బ్రేకు చాలకపోవడమేనని గమనించండి. చివరి రెండూ వరుసగా నెగ్గాయన్న ధైర్యంతోనే మనిషిని కూర్చోబెట్టారు.

ఓరుగల్లు_రాకెట్ (శనివారం, సాయంత్రం 6:05)

గిన్ని ఫెయిలైనంక ఎక్కిండంటే గుండె గట్టిదే. మరి అన్నా, నేల మీద దిగుడు కష్టమన్నవు గదా, గోళంల కూసుండే దిగిండా? దూకిండని కూడ చదివిన.

వాల్వుపిన్ను (శనివారం, రాత్రి 7:10)

దూకాడు. అది లోపం కాదు, అసలు పథకమే అది. గోళం పారాచూట్‌తో సెకనుకు 10 మీటర్ల వేగంతో నేలని తాకుతుంది. అంటే 5 మీటర్ల ఎత్తునుంచి, రెండస్తుల మేడ మీదినుంచి పడ్డట్టు. అప్పటికి మెత్తగా దించే చిన్న రాకెట్లు లేవు, అవి వోస్ఖోద్‌తో వచ్చాయి. విడి పారాచూట్‌తో మనిషి సెకనుకు 5 మీటర్లతో దిగుతాడు, అది మీటరుంపావు గోడ మీదినుంచి దూకడంతో సమానం.

వరస ఇలా ఉంటుంది. గాలి పీడనం చూసి 7 కిలోమీటర్ల ఎత్తులో తలుపు పేలి ఎగిరిపోతుంది. రెండు సెకన్లకి సీటు రాకెట్లతో బయటికి వస్తుంది. 4 కిలోమీటర్ల దగ్గర సీటు విడిపోయి మనిషి పెద్ద పారాచూట్ మీద వేలాడతాడు. గోళం తన పారాచూట్ తను విప్పుకుంటుంది.

ఆ రోజు ఇక్కడా మూడు చిల్లర తిప్పలు. అత్యవసర సామాన్ల మూట తాడు తెగి పడిపోయింది. అక్కర్లేకపోయినా రెండో పారాచూట్ కూడా బయటపడింది, రెండింటితో దిగాడు. అన్నిటికంటే చెడ్డది మూడోది. సూటులోకి బయటి గాలి రావడానికి ఒక వాల్వు తెరవాలి. పైనున్న నారింజ రంగు తొడుగు కింద అది చిక్కి చేతికి దొరకలేదు. దాన్ని తెరవడానికి సుమారు ఆరు నిమిషాలు పట్టింది. కక్ష్యలో తిరిగొచ్చి గుప్పెడు గాలికి తడుముకోవడం!

బందరు_బాబాయ్ (శనివారం, రాత్రి 7:45)

దూకిన సంగతి చాలా ఏళ్ళు దాచారు కదా. అంతర్జాతీయ విమాన సమాఖ్య రికార్డు నిబంధన ప్రకారం ఎక్కినవాడు బండిలోనే దిగాలి. అందుకని "లోపలే దిగాడు" అని కాగితాలు పంపారు. మొదటి మనిషి అన్న మాటకి దాంతో వచ్చిన లోటేం లేదనుకోండి, అనవసరపు అబద్ధం.

అన్నట్టు ఇంకో పేచీ: లేచింది బైకొనూర్‌లో, దిగింది దానికి పడమరన. భూమి చుట్టూ పూర్తి చుట్టు కూడా కాలేదంటారు కొందరు. మాస్టారూ, తీర్పు మీదే.

లెక్కలమాస్టారు (శనివారం, రాత్రి 8:30)

బైకొనూర్ తూర్పు రేఖాంశం 63.3, దిగిన చోటు 46 చిల్లర. నేల మీద గుర్తుతో చూస్తే 17 డిగ్రీలు తక్కువైన మాట నిజం. కానీ కింద భూమి ఊరుకోలేదు కదా. ఆ 106 నిమిషాల్లో తూర్పుకి 26.6 డిగ్రీలు తిరిగింది. నక్షత్రాలని గుర్తుగా పెట్టుకుంటే ఆయన తిరిగింది 360 లోంచి 17 తీసి 26.6 కలపగా సుమారు 369 డిగ్రీలు. పూర్తి చుట్టు, పైన తొమ్మిది డిగ్రీలు కొసరు.

106 అన్నాను, 108 కాదు. 108 నిమిషాలన్నది మొదట ప్రకటించిన అంకె, దిగింది 10:55కి అన్న లెక్క. తర్వాత బయటపడిన పత్రాల ప్రకారం 10:53.

నేలచూపు (శనివారం, రాత్రి 9:05)

నా మూడు ప్రశ్నలూ తీరాయి, ధన్యవాదాలు. రెండు చిన్నవి మిగిలాయి. తిరుగుతున్నప్పుడు గగారిన్ తనే చేత్తో సరిచేయలేకపోయాడా? చేతి నియంత్రణకి వేశారంటున్న ఆ "125" అనే అంకెల తాళం సంగతేమిటి?

కక్ష్య_181 (శనివారం, రాత్రి 9:40)

తాళం నిజమే. భారరహిత స్థితిలో మనిషి బుద్ధి నిలకడగా ఉంటుందో లేదోనని వైద్యులకి భయం. అందుకని చేతి నియంత్రణకి అంకెల తాళం వేసి, 1-2-5 అన్న సంకేతాన్ని కవరులో అతికించి లోపల పెట్టారు. కవరు వెతికి, చింపి, చదివి, నొక్కగలిగితే బుద్ధి సరిగ్గా ఉన్నట్టే కదా. తమాషా ఏమిటంటే కొరొలియోవ్‌తో సహా ఒకరికి తెలియకుండా ఒకరు ఆ అంకె ముందే గగారిన్ చెవిన వేశారు.

కానీ అది బ్రేకు వేయడానికి ముందు దిశ సరిచేసుకునే ఏర్పాటు. ఆటోమేటిక్ పద్ధతిలో సూర్యుణ్ణి చూసే సెన్సర్ బండిని తిప్పుతుంది. చేత్తో అయితే కాళ్ళ దగ్గరున్న "వ్జోర్" అనే కిటికీలో చూడాలి. మధ్యలో నేల, చుట్టూ ఉన్న అద్దాలన్నిటిలో దిగంతం సమానంగా కనిపిస్తే బండి నిటారుగా ఉన్నట్టు. నేల గీతల వెంట జరుగుతుంటే దిశ సరి. ఇంజిన్ ఆగాక చేత్తో చేసేదేమీ లేదు, చేయాల్సిన అవసరమూ రాలేదు. ఆయన చేసిన పని గమనించడం, గడియారం చూడడం, "అంతా సవ్యం" అని సంకేతం పంపడం. ప్రాణం మీదికి రాలేదని తనే బేరీజు వేసుకున్నాడు. ఎలాగూ సోవియట్ నేల మీదే పడతానని లెక్క వేసుకున్నాడు.

ఓరుగల్లు_రాకెట్ (శనివారం, రాత్రి 10:15)

అన్నా, లాస్ట్ ఒకటి. ఎగిరే ముందట తలుపు విప్పి మల్ల బిగించిండ్రట గదా? అది కూడ లోపమేనా?

వాల్వుపిన్ను (శనివారం, రాత్రి 10:50)

తలుపు సరిగ్గా అతికిందని చెప్పే విద్యుత్ కాంటాక్టులు మూడు. అందులో మూడోది, కేపీ-3, సిగ్నల్ ఇవ్వలేదు. తలుపు నిజంగా అతకలేదా, కాంటాక్టే వంగిందా అన్నది బయటినుంచి తెలియదు. బండిని సిద్ధం చేసిన ఇంజినీరు ఇవానోవ్‌స్కీ మనుషులు ముప్పై దాకా ఉన్న మరలన్నీ విప్పి, తలుపు దించి, కాంటాక్టు పలకని సర్ది, మళ్ళీ ఎత్తి బిగించారు. సిగ్నల్ వచ్చింది. తర్వాత గాలి కారుతుందేమోనని ఇంకోసారి పరీక్షించారు. లోపల గగారిన్ అద్దంలోంచి వాళ్ళ చేతులు చూస్తూ ఈల వేస్తున్నాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు.